సునాద సంవత్సరం: ఎవరు ఎక్కడికి తిరిగి రావాలి?

సంఘం స్థాపించి 50 ఏళ్లు నిండితే స్వర్ణ జూబ్లీ అంటాం. ఒక సేవకుడు అభిషేకం పొంది 25 ఏళ్లయితే రజత జూబ్లీ జరుపుతాం. రోములో పోపు పవిత్ర ద్వారం తెరిచినప్పుడు అది జూబ్లీ సంవత్సరం. పేద దేశాల అప్పులు రద్దు చేయాలని కోరినవారు తమ ఉద్యమానికి పెట్టుకున్న పేరూ జూబ్లీయే. కొందరు బోధకులు కొత్త సంవత్సరం రాగానే ఇది మీ జూబ్లీ ఏడు, మీ అప్పులన్నీ తీరిపోతాయి అని ప్రకటిస్తుంటారు. ఇన్ని అర్థాలు ఒకే మాటకు ఎలా వచ్చాయో, వాటిలో ఏది లేఖనానికి దగ్గరగా నిలిచిందో, ఏది దూరంగా జరిగిందో తేల్చుకోకపోతే ఆ మాట విశ్వాసికి ఒక వేడుకగానో ఒక నినాదంగానో మిగిలిపోతుంది. ఈ చిక్కుముడి విప్పడానికి పట్టుకోవలసిన కొస నా ఉద్దేశంలో ఒక్కటే. జూబ్లీకి తెలుగు బైబిలులో ఉన్న పేరు సునాదం. లేవీయకాండము 25వ అధ్యాయం ఈ సునాదాన్ని ముఖ్యంగా ఉత్సవంగానూ చూడలేదు, మాఫీగానూ చూడలేదు. తిరిగి రావడంగా చూసింది.

ముందు మాట సంగతి చూద్దాం. హెబ్రీ భాషలో "యోబేల్" అంటే పొట్టేలు, లేదా పొట్టేలు కొమ్ముతో చేసిన బూర. సీనాయి కొండ దగ్గర ప్రజలు విన్న ధ్వని గురించి చెప్పేటప్పుడు, యెరికో గోడల చుట్టూ యాజకులు ఊదిన బూరల గురించి చెప్పేటప్పుడు కూడా లేఖనం ఈ మాటనే వాడింది. ఈ బూర మోగగానే మొదలయ్యే సంవత్సరం కాబట్టి ఆ సంవత్సరానికీ అదే పేరు స్థిరపడింది. బైబిలును లతీనులోకి అనువదించిన జెరోము దీనిని తన భాషలోకి తెచ్చినప్పుడు, ఆనందంతో కేకలు వేయడమనే అర్థంగల లతీను క్రియాపదానికి దగ్గరగా ఉండే రూపం వచ్చింది. పొట్టేలు కొమ్ము మరుగునపడి సంబరం ముందుకు వచ్చింది అక్కడే. తెలుగు అనువాదకులు మాత్రం "సునాదము" అన్నారు, అంటే మంచి ధ్వని. ఆ మాటలో బూర ఇంకా వినిపిస్తూనే ఉంది. ఈ విషయంలో తెలుగు పాఠకుడు అదృష్టవంతుడనే చెప్పాలి.

ఆ బూర ఎప్పుడు ఊదాలి? సంవత్సరారంభంలో కాదు, కోతల పండుగలోనూ కాదు. ఏడు విశ్రాంతి సంవత్సరాలు, అంటే ఏడేసి ఏళ్లు ఏడు మార్లు, గడిచిన తరువాత, ఏడవ నెల పదవ దినాన ఊదాలి. అది ప్రాయశ్చిత్తార్థ దినం. ప్రధాన యాజకుడు అతి పరిశుద్ధ స్థలంలోకి ప్రవేశించి జనుల పాపాల నిమిత్తం ప్రాయశ్చిత్తం చేసే రోజు, ప్రజలందరూ తమ్మును తాము దుఃఖపరచుకొనే రోజు. ఈ తేదీని చాలామంది గమనించకుండా దాటిపోతారు గాని, సునాదపు అర్థమంతా ఇందులోనే దాగి ఉంది. దేవునితో లెక్క సరిచేయబడిన అదే రోజున పొరుగువానితో లెక్క సరిచేసుకోమని బూర మోగుతుంది. మొదటిది జరగకుండా రెండోది మొదలు కాదు. మొదటిది జరిగిందని చెప్పుకొని రెండోదాన్ని తప్పించుకోవడానికీ వీలు లేదు.

ఆ బూర విన్నవారు ఏం చేయాలో 10వ వచనం రెండు వాక్యాల్లో చెప్పింది. దేశవాసులందరికీ విడుదల చాటించాలి. అప్పుడు ప్రతివాడు తన స్వాస్థ్యానికి, అంటే తన పిత్రార్జిత భూమికి, ప్రతివాడు తన కుటుంబానికి తిరిగి రావాలి. తిరిగి రావడమనే హెబ్రీ క్రియ "షూవ్" ఇక్కడ రెండుసార్లు వస్తుంది. ప్రవక్తలు పాపం విడిచి దేవుని వైపు తిరగమని పిలిచేటప్పుడు వాడిన క్రియ కూడా ఇదే. అంటే పొలానికి తిరిగి రావడం, ఇంటికి తిరిగి రావడం, దేవుని దగ్గరికి తిరిగి రావడం అనే మూడింటినీ ఆ భాష ఒకే మాటతో పలుకుతుంది. మనం వాటిని భౌతికమని, ఆత్మీయమని విడదీసి వాదించుకుంటున్నాం గాని లేఖనం విడదీయలేదు.

దీని వెనుక ఉన్న సూత్రం 23వ వచనంలో ఉంది. భూమిని శాశ్వతంగా అమ్మకూడదు, ఎందుకంటే "ఆ భూమి నాదే, మీరు నాయొద్ద కాపురమున్న పరదేశులు" అని దేవుడు అంటున్నాడు. యజమాని ఆయన, ఇశ్రాయేలీయులు ఆయన దగ్గర కాపురమున్నవారు. తనది కానిదాన్ని ఎవరూ శాశ్వతంగా అమ్మలేరు కాబట్టి అమ్మకమని పిలిచేది నిజానికి ఒక రకమైన కౌలే. ఆ అధ్యాయం దీనికి ధర కట్టే పద్ధతి కూడా చెప్పింది. సునాదానికి ఇంకా 40 ఏళ్లు ఉంటే ఎక్కువ వెల, ఐదేళ్లే ఉంటే తక్కువ వెల. అమ్ముతున్నది నేల కాదు, పంటల లెక్క. ప్రాకారమున్న పట్టణంలోని ఇంటికి మాత్రం వేరే నియమం ఉంది. అమ్మిన ఒక సంవత్సరంలోపు విడిపించుకోకపోతే అది కొన్నవానికే శాశ్వతంగా ఉండిపోతుంది. గ్రామంలోని ఇల్లు పొలంతో సమానం కనుక సునాదంలో తిరిగి వస్తుంది. పట్టణపు ఇంటికి, పొలానికి మధ్య చూపిన ఈ తేడాను బట్టి ఈ చట్టం దేని గురించి ఆందోళన పడుతోందో అర్థమవుతుంది. ఆస్తులన్నీ సమానంగా పంచడం దాని లక్ష్యం కాదు. కుటుంబం తన బతుకుతెరువును తరతరాలకూ కోల్పోకుండా చూడడమే దాని పట్టుదల.

ఈ అధ్యాయంలో నేను మళ్లీ మళ్లీ ఆగి చదివేది 25వ వచనం నుంచి చివరి వరకు ఉన్న భాగం. "నీ సహోదరుడు బీదవాడైనయెడల" అన్న తీరు మాట అక్కడ నాలుగుసార్లు వస్తుంది, ప్రతిసారీ ఒక మెట్టు కిందికి దిగుతూ. మొదట అతడు తన పొలంలో కొంత అమ్ముకుంటాడు. అప్పుడు సమీప బంధువు వచ్చి దాన్ని విడిపించాలి. తరువాత అతని చేతిలో ఏమీ మిగలదు. అతన్ని ఆదుకోవాలి, అతని దగ్గర వడ్డీ తీసుకోకూడదు, లాభానికి ఆహారం ఇవ్వకూడదు. ఆ తరువాత అతడు తన్ను తానే సహోదరునికి అమ్ముకుంటాడు. అప్పుడు అతని చేత దాసునిలా ఊడిగం చేయించుకోకూడదు, సునాదం వరకు జీతగానిలా ఉండనివ్వాలి, ఆ తరువాత అతడు తన పిల్లలతో సహా వెళ్లిపోవాలి. చివరికి అతడు తన మధ్య నివసించే పరదేశికి అమ్ముడుపోతాడు. అప్పుడు కూడా బంధువులు అతన్ని విడిపించవచ్చు, ఎవరూ విడిపించకపోయినా సునాదంలో అతడు విడుదలవుతాడు. పేదరికం ఎలా పాకుతూ వస్తుందో తెలిసినవాడు రాసిన వరుస ఇది. ప్రతి మెట్టు మీదా ఒక చేయి అడ్డం పెట్టి, అన్ని చేతులూ తప్పిపోయినా చివరికి నేలను తాకనివ్వని వల ఒకటి పరిచినట్టుగా సునాదం కనిపిస్తుంది. ఇక్కడి విడిపించే బంధువును హెబ్రీలో "గోయేల్" అంటారు. నా విమోచకుడు సజీవుడని యోబు పలికినప్పుడు అతని నోట వచ్చిన మాట ఇదే. రూతు గ్రంథంలో నయోమి పొలం విషయంలో బోయజు నిలబడిన స్థానం కూడా ఇదే. క్రీస్తును విమోచకుడని పిలిచే విశ్వాసి, ఆ మాట మొదట పోయిన పొలాన్ని విడిపించే చుట్టానిదని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. సునాదంలో అప్పులు రద్దవుతాయని అందరూ అంటారు గాని, లేవీయకాండము 25వ అధ్యాయం ఆ మాట నేరుగా చెప్పలేదు. అప్పు విడిచిపెట్టే నియమం ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో ఉంది. అది 50 ఏళ్లకు ఒకసారి కాదు, ప్రతి ఏడవ సంవత్సరానికి సంబంధించినది. సునాదం చేసేది ఇంకా లోతైన పని. అప్పు వల్ల చేజారిన నేలను, అప్పు వల్ల అమ్ముడుపోయిన మనిషిని అది వెనక్కి తెస్తుంది. అప్పు మాఫీ అయినా పొలం లేని మనిషి మళ్లీ అప్పుకే వెళ్తాడు. పొలం తిరిగి వస్తే కొత్తగా మొదలుపెట్టగలడు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫసు సునాదంలో అప్పులు కూడా కొట్టివేయబడతాయని రాశాడు కాబట్టి, ఈ రెండు నియమాలూ జనుల మనసులో చాలా కాలం క్రితమే కలిసిపోయాయని తెలుస్తోంది. సునాదం 49వ ఏడా, 50వ ఏడా అన్న చర్చ కూడా పాతదే. యాభయ్యవదని లేవీయకాండము స్పష్టంగానే అంటున్నా, 49 ఏళ్ల చక్రంగా లెక్కించినవారు ప్రాచీన యూదుల్లోనే ఉన్నారు.

ఇంతకీ ఈ నియమాన్ని ఎప్పుడైనా పాటించారా? పాత నిబంధన చారిత్రక గ్రంథాల్లో సునాదం జరిపినట్టు ఒక్క వర్ణన కూడా లేదు. జరపకపోతే ఏమవుతుందో చెప్పే వర్ణనలు మాత్రం ఉన్నాయి. పిత్రార్జితాన్ని అమ్మనన్న నాబోతును యెజెబెలు రాణి చంపించగా అతని ద్రాక్షతోటను అహాబు రాజు తీసుకున్నాడు. స్థలం మిగలకుండా ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకొనేవారికి శ్రమ అని యెషయా హెచ్చరించాడు. యిర్మీయా 34వ అధ్యాయంలో కనిపించేది అన్నిటికన్నా బాధాకరమైనది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించినప్పుడు సిద్కియా రాజు, ప్రజలు దాసులకు విడుదల చాటించారు. సైన్యం కాస్త వెనక్కి తగ్గగానే విడిచిపెట్టినవారినే మళ్లీ దాసులుగా పట్టుకున్నారు. భయంతో చేసిన విడుదల భయం పోగానే ఆగిపోయింది. దేశం తాను పొందని విశ్రాంతి సంవత్సరాలను, ప్రజలు బబులోనులో బందీలుగా ఉన్న చెరకాలంలో అనుభవించిందని దినవృత్తాంతముల రెండవ గ్రంథం చివర రాసి ఉంది. తరువాతి కాలపు యూదు బోధకులు, గోత్రాలన్నీ తమ తమ భాగాల్లో నివసించినప్పుడే సునాదం వర్తిస్తుందని తీర్మానించారు.

యిర్మీయా వాడిన ఆ విడుదల అనే మాటకు హెబ్రీ "దెరోర్". లేవీయకాండము 25:10లోనూ, యెషయా 61:1లోనూ అదే మాట. పొరుగున ఉన్న బబులోనులో దీనికి బంధువైన పదం ఒకటి ఉంది. అక్కడి రాజులు సింహాసనం ఎక్కినప్పుడో, ఆ తరువాత తమకు తోచినప్పుడో అప్పులు కొట్టివేస్తూ శాసనాలు వేయించేవారు. హమ్మురాబి వంశపు రాజు అమ్మిసదూక వేయించిన అలాంటి శాసనం నేటికీ మిగిలి ఉంది. అయితే ఆ విడుదల రాజు దయ మీద ఆధారపడింది. ఇశ్రాయేలు విడుదల తేదీ ముందే నిర్ణయమై ఉంది. దానికి ఏ రాజు సంతకమూ అక్కరలేదు.

చెర నుంచి వచ్చిన ప్రజలకు యెషయా 61వ అధ్యాయం ఈ సునాద భాషను నిరీక్షణగా మార్చి ఇచ్చింది: బీదలకు సువర్తమానం, చెరలో ఉన్నవారికి విడుదల, యెహోవా హితవత్సరం, అంటే ఆయన దయ చూపే సంవత్సరం. ఈ నిరీక్షణ యేసు కాలానికి ఎంత బలంగా ఉందో 1956లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను 11వ గుహలో దొరికిన ఒక చర్మపత్రం చూపిస్తుంది. అందులో సునాద నియమం, ఏడవ ఏటి అప్పుల నియమం, యెషయా ప్రవచనం ఒకదానితో ఒకటి అల్లుకొని ఉన్నాయి. పదవ సునాదంలో మెల్కీసెదెకు అనే పరలోక సంబంధి వచ్చి జనులను వారి దోషాల భారం నుంచి విడిపిస్తాడని అది ఎదురుచూస్తుంది. పాపాన్ని ఋణంగా చూసి దానికి ఒక సునాదాన్ని ఆశించడం క్రైస్తవులు తరువాత కల్పించుకున్న ఉపమానం కాదని దీనివల్ల తేలుతుంది.

ఈ నేపథ్యంలో నజరేతు సమాజమందిరంలో జరిగింది చదవాలి. యేసు యెషయా గ్రంథాన్ని తెరిచి ఆ మాటలే చదివాడు. ప్రభువు హితవత్సరం దగ్గర ఆగి, తరువాత వచ్చే ప్రతిదండన దినపు మాట చదవకుండా గ్రంథం చుట్టి, నేడు ఈ లేఖనం నెరవేరిందని అన్నాడు. లూకా గ్రీకులో రాసిన విడుదల అనే మాట "అఫెసిస్". హెబ్రీ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చినవారు సునాదపు విడుదలకు వాడిన మాట అదే; లూకాయే మరోచోట పాపక్షమాపణ అని చెప్పేటప్పుడు వాడిన మాటా అదే. కాబట్టి యేసు ప్రకటించిన సునాదం పాపక్షమాపణా, పేదల విడుదలా అని అడగడం గ్రీకు పాఠకుడికి వింతగా తోచి ఉండేది. ప్రభువు నేర్పిన ప్రార్థన మత్తయిలో మా ఋణములు క్షమించుమని ఉండడం, లూకాలో అక్కడే పాపములు అని ఉండడం కూడా ఈ రెండూ ఎంత దగ్గరివో చూపిస్తాయి. తిరిగి రావడం కూడా లూకాలో తప్పిపోలేదు. దయ్యాలు వదిలిన మనిషిని యేసు నీ యింటికి తిరిగి వెళ్లమన్నాడు. తప్పిపోయిన కుమారుడు తండ్రి ఇంటికి తిరిగి వచ్చాడు. జక్కయ్య రక్షణ పొందిన రోజునే అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అపొస్తలుల కార్యములలో తొలి సంఘంలో కొదువగలవారెవరూ లేరని రాసిన మాట, అప్పుల విడుదల నియమం పక్కనే ద్వితీయోపదేశకాండము 15:4లో ఉన్న వాగ్దానాన్ని గుర్తు చేస్తుంది.

తరువాతి చరిత్రలో విడుదల, తిరిగి రావడం అనే ఈ రెండు కొసలూ దూరమయ్యాయి. రోమును దర్శించి, పేతురు, పౌలుల దేవాలయాల్లో ప్రార్థించేవారికి 1300 ఫిబ్రవరి 22న పోపు ఎనిమిదవ బోనిఫేసు సంపూర్ణ పాపశిక్షా విమోచనం ప్రకటించాడు. నూరేళ్లకు ఒకసారి జరపాలనేది ఆయన నియమం. ఆ వ్యవధి తరువాత 50 ఏళ్లకు, చివరికి 1470 నిర్ణయంతో 25 ఏళ్లకు తగ్గింది. పవిత్ర ద్వారం తెరిచే ఆచారం సెయింట్ పీటర్స్‌లో 1500 నాటి జూబ్లీతో నెలకొంది. ఇక్కడ సునాదం పొలానికి తిరిగి రావడం నుంచి రోముకు యాత్రగా, విడుదల పాపశిక్షనుంచి విడుదలగా మారింది. 1517లో పాపశిక్షా విమోచన పత్రాల మీద లూథరు లేవనెత్తిన వివాదం తరువాత ప్రొటెస్టెంట్లు ఈ జూబ్లీలకు దూరంగానే ఉండిపోయారు. నేను ప్రొటెస్టెంట్ల అనుమానాన్ని అర్థం చేసుకోగలను గాని, ఇటీవలి కతోలిక బోధ లేవీయకాండానికి మళ్లీ దగ్గరైందని కూడా ఒప్పుకోవాలి. రెండవ జాన్ పాల్ 1994లో, 2000 నాటి జూబ్లీకి సిద్ధపాటుగా రాసిన లేఖలో ఈ అధ్యాయాన్నే ఎత్తి చూపి పేద దేశాల అప్పు భారం తగ్గించాలని కోరాడు. 2025 జూబ్లీని 2024 డిసెంబరు 24న ప్రారంభించిన పోపు ఫ్రాన్సిస్, రెండు రోజుల తరువాత రోములోని రెబిబ్బియా చెరసాలలో ఒక పవిత్ర ద్వారం తెరిచాడు. చెరలో ఉన్నవారికి విడుదల అన్న మాటకు అంత సూటి వ్యాఖ్యానం మరొకటి ఉండదు.

విడుదలను పట్టుకొని తిరిగి రావడాన్ని వదిలేస్తే ఏం జరుగుతుందో అమెరికా చరిత్రలో కనిపిస్తుంది. పెన్సిల్వేనియా శాసనసభ 1751లో తెప్పించ తలపెట్టిన గంట మీద లేవీయకాండము 25:10 చెక్కించారు. తరువాత దాసత్వ నిర్మూలనవాదులు దానిని స్వేచ్ఛా గంట అని పిలిచారు. దాస్యంలో ఉన్న నల్లజాతి విశ్వాసులు తమ విడుదల దినాన్ని జూబ్లీ అని పిలుచుకొని ఎదురుచూశారు. 1871లో ఫిస్క్ విద్యాసంస్థ నుంచి బయలుదేరిన గాయక బృందం ఆ పేరునే తనకు పెట్టుకుంది. కాని ఆ గంట మీద చెక్కింది వచనంలో మొదటి సగం మాత్రమే. ప్రతివాడు తన స్వాస్థ్యానికి తిరిగి రావాలన్న రెండో సగం లేదు. 1865లోనూ అలాగే జరిగింది. ఆ ఏడు జనవరిలో, దాస్యం నుంచి విడుదలైనవారికి భూమి కేటాయిస్తూ ఉత్తర సైన్యపు జనరల్ షెర్మన్ ఇచ్చిన ఉత్తర్వును అదే ఏడాదిలో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వెనక్కి తిప్పేశాడు. విడుదల వచ్చింది, స్వాస్థ్యం రాలేదు. చాలామంది పాత యజమానుల పొలాల్లోనే పాలికాపులుగా మిగిలారు. మన కాలంలో రెండో సగాన్ని గుర్తు చేసినవారిలో, 1998 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో సంపన్న దేశాల నాయకుల సమావేశం చుట్టూ చేతులు కలిపి నిలబడిన సుమారు 70,000 మంది ఉన్నారు; మరుసటి ఏడాది కొలోన్ సమావేశంలో పేద దేశాల అప్పుల ఉపశమనాన్ని విస్తరించడానికి ఆ నాయకులు ఒప్పుకున్నారు.

ఇది నీ జూబ్లీ ఏడు అని ప్రకటించే బోధ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ బోధ అప్పుల్లో ఉన్నవారి ఆశను తాకుతుంది, అందుకే దాని మీద కోపం కన్నా బాధ ఎక్కువ కలుగుతుంది. లేవీయకాండము 25లో "నీవు" అని సంబోధించబడినవాడు అప్పులపాలైనవాడు కాదు. కొన్నవాడు, అప్పిచ్చినవాడు, ఇతరుల పొలమూ శ్రమా చేతిలో ఉన్నవాడు. బీదవాడు ఆ అధ్యాయంలో "నీ సహోదరుడు". సునాదం ఆశించేవానికి ఇచ్చిన వాగ్దానం కాకముందు, పట్టుకొని ఉన్నవానికి ఇచ్చిన ఆజ్ఞ. పేద విశ్వాసికి నీ అప్పు తీరుతుందని చెప్పి, పక్క వరుసలో కూర్చున్న అప్పిచ్చిన విశ్వాసికి ఏమీ చెప్పకపోతే అది సునాద ప్రకటన కాదు.

చివరిగా ఈ అధ్యాయంలోని కష్టమైన వచనాలను దాచకూడదు. 44 నుంచి 46 వరకు ఉన్న వచనాలు, చుట్టుపట్ల జనములనుండి కొన్న దాసులకు సునాదపు విడుదల వర్తించదని, వారిని పిల్లలకు స్వాస్థ్యంగా ఇవ్వవచ్చని చెబుతున్నాయి. మీరు నాయొద్ద పరదేశులన్న అదే అధ్యాయం, పరదేశిని ఆ విడుదల వెలుపల నిలబెట్టింది. ధర్మశాస్త్రం ఆ కాలపు మనుషుల నడుమ పనిచేసిందని వివరించవచ్చు, అది నిజమే; అయినా ఆ గీత అక్కడ ఉంది. నజరేతులో యేసు హితవత్సరం చదివినప్పుడు విన్నవారందరూ ఆయన దయగల మాటలకు ఆశ్చర్యపడ్డారు. ఆ తరువాత ఆయన రెండు పేర్లు ఎత్తాడు. కరువు కాలంలో ఏలీయా ఇశ్రాయేలులోని ఏ విధవరాలి దగ్గరికీ పంపబడలేదు, సీదోను ప్రాంతంలోని సారెపతు విధవరాలి దగ్గరికే పంపబడ్డాడు. ఎలీషా కాలంలో ఇశ్రాయేలు కుష్ఠరోగులెవరూ శుద్ధి పొందలేదు, సిరియావాడైన నయమానే పొందాడు. హితవత్సరం తమదని సంతోషించినవారు, అది పరదేశిది కూడా అని వినగానే లేచి, ఆయనను ఊరి వెలుపలికి వెళ్లగొట్టి, కొండకొమ్ము వరకు తీసుకొనిపోయారు.